కొట్టు తీసే ఉంది!

"ఏరా, నేను బతికుండగానే నా కొట్టు మూసేశానని రాసింది ఎవడ్రా?"

ఫోను ఎత్తగానే బాబాయ్ అన్న మాట ఇది. 2024 నవంబరు. కార్తీక మాసం. హైదరాబాద్‌లో నేను ఆదివారం పేజీల ప్రూఫులు చూసుకుంటున్నా. ఆయన దేని గురించి మాట్లాడుతున్నాడో ముందు అర్థం కాలేదు.

సంగతేమిటంటే... మార్టూరు వైపు ఓ రైతు తైవాన్ స్ప్రేయరు పొద్దున్నే మిరప చేలో మొరాయించింది. మందు కలిపేసి ఉంది. కూలీలు వచ్చి ఉన్నారు. చిలకలూరిపేటలో బాగు చేసే కొట్టు ఒకటుందని ఎవరో చెబితే ఫోనులో వెతికాడు. కొట్టు పేరు వచ్చింది. దాని కిందే 'శాశ్వతంగా మూసివేశారు' అని ఎర్ర అక్షరాలు. ఇంకేముంది, బండి ఒంగోలు వైపు తిప్పాడు. కావలసిన సామాను దొరికి చేనుకు చేరేసరికి పొద్దు వాలింది. మూడు రోజుల తర్వాత వేరే పని మీద పేటకొచ్చి, ఎన్నార్టీ సెంటర్ దాటాక ఓ షట్టరు ముందు కూర్చుని కార్బొరేటర్ విప్పుతున్న బాబాయ్‌ని చూసి ఆగిపోయాడట. "మేస్త్రీ, కొట్టు తీసేశావంటగా!"

"ఆయనకి ఒక రోజు పోయిందిరా. కూలి డబ్బులు ఊరికే పోయాయి. నేనేమో ఇక్కడే ఉన్నా" అన్నాడు బాబాయ్. కోపం కన్నా బాధే ఎక్కువుంది ఆ గొంతులో.

రాసింది ఎవడ్రా అని ఆయన అడిగాడు. నేను చెప్పలేదు. ఎందుకంటే ఆ తప్పు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. నా దగ్గరే.

అప్పు తీర్చాలనుకున్నా

మా నాన్న పోయేటప్పటికి నేను తొమ్మిదో తరగతి. ఆ తర్వాత నా చదువంతా బాబాయ్ కొట్టు మీదే నడిచింది. 1988లో పెట్టిన కొట్టు అది. మొదట్లో చేతి పంపులు, ఆయిలింజన్లు. తర్వాత బ్యాటరీ పంపులు, తైవాన్ స్ప్రేయర్లు. పత్తి, మిరప పండే నేల మాది. జూన్, జులైలో పత్తి గింజ పడిందంటే మిరప కోతలయ్యేదాకా మందు కొట్టే పని ఉంటూనే ఉంటుంది. 2021లో మిరపకు నల్ల తామర పురుగు సోకినప్పుడైతే తెల్లవారక ముందే కొట్టు ముందు బళ్లు బారులు తీరేవి. నా జర్నలిజం డిప్లొమా ఫీజు కట్టిన రోజు బాబాయ్ చొక్కా జేబులోంచి తీసిన నోట్లకు పెట్రోలు వాసన. అది ఇప్పటికీ గుర్తు.

అందుకే ఉద్యోగం వచ్చాక ఆయనకి ఏదో ఒకటి చెయ్యాలనుకున్నా. 2018లో చేశా కూడా. ఏం చేశానో తెలుసా? వెబ్‌సైటు!

తెలిసినాయన ద్వారా ఓ కుర్రాణ్ణి పట్టుకున్నా. పన్నెండు వేలు. 'గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ' అన్నాడు. పేజీ తెరిస్తే చాలు, పచ్చని పొలాల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి. మధ్యలో కోటు వేసుకున్న బాబాయ్ ఫొటో. ఆ కోటు మా తమ్ముడి పెళ్లిది. ఆ కింద నేను రాసిన నాలుగు పేరాల వ్యాసం. 'అన్నదాత చెమట చుక్కకు తోడుగా మూడు దశాబ్దాల ప్రస్థానం' అంటూ మొదలయ్యేది. ఫీచర్ రైటర్ని కదా మరి!

ఫోను నంబరు ఆ బొమ్మల మీద అందమైన అక్షరాల్లో ఉండేది. అంటే అది కూడా బొమ్మే. నొక్కితే ఫోను కలవదు. బొమ్మలో కలిసిపోయిన అంకెలు వెతికేవాడికి అందుతాయన్న నమ్మకమూ లేదు. చేలో నిలబడి, సిగ్నలు ఒక గీత మీద ఆడుతుండగా ఆ పొలాల బొమ్మలు తెరుచుకునేసరికి మనిషి విసిగి ఫోను జేబులో పెట్టేసేవాడు.

రెండో ఏడాది వెబ్‌సైటే మాయమైంది. చూస్తే ఆ పేరును కుర్రాడు తన పేరు మీదే రిజిస్టర్ చేయించుకున్నాడు. అద్దె ఇంటికి ఏడాదికోసారి బాడుగ కట్టినట్టు డొమైన్ పేరుకీ కట్టాలి. అతను కట్టలేదు. ఫోనూ ఎత్తలేదు. నేనూ వెంటపడలేదు. గూగుల్‌లో దుకాణం వివరాలు నమోదు చేసుకుంటే దానితోపాటే ఉచితంగా ఓ చిన్న వెబ్‌సైటు వచ్చే రోజులవి. అది చాల్లే అనుకున్నా. ఆ ఉచిత వెబ్‌సైట్లన్నిటినీ గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. ముందుగా చెప్పే ఆపింది. ఆ కబురు వచ్చిన మెయిల్ నేను తెరిస్తే కదా!

అదే ఎండాకాలంలో పాత కొట్టున్న బిల్డింగు పడగొట్టి కాంప్లెక్సు కడతామన్నారు ఓనరు. బాబాయ్ సామాను ఎత్తుకుని ఎన్నార్టీ సెంటర్ అవతలికి మారాడు. రోజూ వచ్చే రైతులకు నోటితో చెప్పాడు. పాత గోడ మీద కాగితం అంటించాడు. గోడతోపాటు కాగితమూ పోయింది. ఫోనులో మాత్రం పాత చిరునామానే ఉంది. ఆ దారిన వెళ్లినవాళ్లకు అక్కడ మట్టికుప్ప తప్ప కొట్టు కనబడదు. మ్యాపులో వివరాలు తప్పుంటే సరిచేయమని ఎవరైనా సూచించొచ్చు. 'ఇక్కడ కొట్టు లేదు' అని ఎవరో పుణ్యాత్ముడు చెప్పే ఉంటాడు. అతను అబద్ధం ఆడలేదు. అక్కడ కొట్టు లేదు!

నాలుగే ప్రశ్నలు

మూడు రోజులు సెలవు పెట్టి పేటకు వెళ్లా. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే పిన్ని కాఫీ ఇస్తూ అంది... "ముందు కొట్లో కూర్చో నాన్నా. తర్వాత రాద్దువుగాని."

ఆ మాట పట్టుకుని ఓ పూటంతా స్టూలు మీద కూర్చున్నా. బాబాయ్‌కి వచ్చే ఫోన్లన్నీ వింటూ నోటుబుక్కులో రాసుకున్నా. సాయంత్రానికి తేలింది ఏమిటంటే, ఎవరు చేసినా అడుగుతున్నవి నాలుగే. కొట్టు తీశారా? ఫలానా సామాను ఉందా? ఎంతసేపట్లో అవుతుంది? ఎక్కడ?

మూడు దశాబ్దాల ప్రస్థానం గురించి ఒక్కరూ అడగలేదు.

కొత్త వెబ్‌సైటు ఆ నాలుగు జవాబులతోనే కట్టాం. ఒకటే పేజీ. పైన కొట్టు పేరు. దాని కిందే 'తైవాన్ స్ప్రేయర్లు, బ్యాటరీ పంపులు, చేతి పంపులు బాగు చేస్తాం, చిలకలూరిపేట' అన్న వాక్యం. ఆ కింద నొక్కితే కలిసే ఫోను నంబరు. తీసే వేళలు. ఉండే సామాను జాబితా... నాజిళ్లు, వాషర్లు, స్పార్క్ ప్లగ్గులు, స్టార్టరు తాళ్లు, కార్బొరేటరు కిట్లు. మామూలు రిపేరుకు పట్టే సమయం. దారి. రెండే ఫొటోలు. ఒకటి రోడ్డు అవతల నుంచి కొట్టు ఎలా కనబడుతుందో, రెండోది లోపల పని బల్ల. అన్నీ అక్షరాలే, బొమ్మల్లో రాతలు లేవు. డొమైన్ బాబాయ్ పేరు మీదే తీసుకున్నాం. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. గడువు తేదీ పిన్ని క్యాలెండరు మీద రాసిపెట్టింది, కరెంటు బిల్లు పక్కన.

రాసిందంతా బాబాయ్‌కి చదివి వినిపించా. విన్నాడు. "ఇంజన్ ఆయిలు ఎంత కలపాలో కూడా రాయి. తప్పు కలిపే సగం మంది నా దగ్గరికొస్తారు" అన్నాడు.

"అది రాస్తే నీ దగ్గరికి రారుగా?"

"రాకపోతే మంచిదేగా. వచ్చేవాళ్లను చూసుకోవడానికే తీరట్లేదు."

అదీ రాశా. కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్లు ఎలా చూసుకోవాలో, పని అయ్యాక ట్యాంకు ఎందుకు కడగాలో, సీజను అయిపోయాక పెట్రోలు ఎందుకు తీసేయాలో... బాబాయ్ చెబుతుంటే ఆయన మాటల్లోనే. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత సూటిగా రాసింది నాకు గుర్తులేదు.

మనమున్నది ఏ జిల్లా?

అసలు కష్టం చిరునామా దగ్గర వచ్చింది. పాత బిల్లు పుస్తకాలు తిరగేస్తే నవ్వాగలేదు. మొదటి పుస్తకంలో 'ఎన్‌హెచ్ 5' అనుంది. ఆ రహదారి నంబరు 2010లో 16గా మారింది. తర్వాతి పుస్తకంలో ఎప్పుడో తీయించేసిన ల్యాండ్‌లైను నంబరు. అన్నిట్లోనూ 'గుంటూరు జిల్లా'. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక చిలకలూరిపేట పల్నాడు జిల్లా అయింది. మా దగ్గరికి వచ్చే పర్చూరు, మార్టూరు రైతులు అంతకుముందు ప్రకాశం వాళ్లు, ఆనాటి నుంచి బాపట్ల వాళ్లు. పెదనందిపాడు వాళ్లు మాత్రం గుంటూరులోనే ఉండిపోయారు. కొట్టు కదలకుండానే ఇన్ని మార్పులైతే, కదిలాక చెప్పాలా?

ఒక చోట గుంటూరు, ఒక చోట పల్నాడు. ఒక చోట పాత నంబరు, ఒక చోట కొత్తది. చూసే మనిషే తికమకపడితే వెతికిపెట్టే యంత్రం మాత్రం ఏం చేస్తుంది? ఇవన్నీ ఒకే కొట్టువా, రెండు కొట్లవా అని దానికీ అనుమానమే. అందుకే ఒక కాగితం మీద పేరు, చిరునామా, ఫోను నంబరు శుద్ధంగా రాసుకున్నాం. వెబ్‌సైటులో, మ్యాపులో, బిల్లు పుస్తకంలో, ఫ్లెక్సీ మీద అక్షరం తేడా లేకుండా అదే.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మాకు పేట అంటే చిలకలూరిపేట. పక్కనే ఉన్న నరసరావుపేట వాళ్లకు పేట అంటే వాళ్ల ఊరే! రైతు ఫోను నోటి దగ్గర పెట్టుకుని 'పేటలో స్ప్రేయర్ రిపేరు' అంటాడు. అలా తెలుగులో మాట్లాడితే అక్షరాలయ్యే సదుపాయాన్ని గూగుల్ 2017 ఆగస్టులో తెచ్చింది. కానీ ఏ పేటో దానికెలా తెలుస్తుంది? మనం ఎక్కడ నిలబడి అడిగామో చూసి దగ్గర్లో ఉన్నవి చూపిస్తుంది. అందుకని మా పేజీలో ఊరి పేరు ఎక్కడా పొట్టిగా రాయలేదు.

స్థానికంగా వెతికినప్పుడు ఏ కొట్టు ముందు కనబడుతుందో తేల్చడానికి ప్రధానంగా మూడు చూస్తామని గూగులే చెబుతుంది. అడిగినదానికీ మన పనికీ సంబంధం, అడిగినవాడి నుంచి మన దాకా దూరం, మనకున్న పేరు. డబ్బు కట్టి ఈ వరసలో ముందుకు జరగడం కుదరదని కూడా అదే చెబుతుంది. ప్రకటనలు వేరు, వాటికి 'స్పాన్సర్డ్' అన్న గుర్తు ఉంటుంది. మరి 'మొదటి స్థానం గ్యారంటీ' ఎలా ఇచ్చాడంటారా? నేనూ అదే అనుకున్నా, ఆరేళ్లు ఆలస్యంగా. యడ్లపాడులో నిలబడి వెతికితే మేం పైనుంటాం. గుంటూరు మిర్చి యార్డు దగ్గర నిలబడి వెతికితే అసలు కనబడం. కనబడాల్సిన పనీ లేదు. అంత దూరం నుంచి పంపు మోసుకుని ఎవరొస్తారు?

మా తమ్ముడు ఓ సలహా ఇచ్చాడు. కొట్టు పేరు పక్కనే 'బెస్ట్ స్ప్రేయర్ రిపేర్ గుంటూరు పల్నాడు ఒంగోలు' అని తగిలిద్దామని. బోర్డు మీద లేని పేరు మ్యాపులో పెట్టడం నిబంధనలకు విరుద్ధం. తేలితే ఉన్నదీ ఊడుతుంది. వద్దన్నా. సంబంధం చూపడానికి వేరే దారి ఉంది. ఏ రకం వ్యాపారమో ఎంచుకునే చోట సరైనది ఎంచుకోవడం, చేసే పనుల జాబితా నింపడం. ఇదివరకు నేను హడావిడిలో 'హార్డ్‌వేర్ షాపు' అని పెట్టేసి చేతులు దులుపుకున్నా. తీసే వేళలు 'ఉదయం 10 నుంచి' అని పెట్టా. బాబాయ్ సీజనులో ఆరింటికే తీస్తాడు. మందు కొట్టేవాళ్లు వెతికేదీ ఆ వేళే. ఆరేళ్లపాటు ప్రతి పొద్దున్నా నాలుగు గంటలు ఆయన కొట్టును నేను మూసే ఉంచానన్నమాట!

షట్టరు ఎత్తిన వీడియో

పాత ఖాతా తెరవడానికి పాస్‌వర్డు కోసం రెండు డైరీలు వెతకాల్సి వచ్చింది. దొరికింది. కొట్టు తీసే ఉందని, చిరునామా మారిందని చెబితే, అది నీదేనని రుజువు చూపమంది. ఆపకుండా ఒకే వీడియో తీయాలి. అందులో వీధి, పక్క దుకాణాలు, బోర్డు, లోపల పనిముట్లు కనబడాలి. తాళం తీయడంలాంటి, ఓనరు మాత్రమే చేయగల పని ఒకటి ఉండాలి.

మొదటిసారి తీసింది పనికిరాలేదు. కొత్త చోట బోర్డే పెట్టలేదు మరి! "నన్ను చూసి వస్తారు, బోర్డును చూసి కాదు" అని ఆర్నెల్లుగా బాబాయ్ వాయిదా వేస్తున్నాడు. ఆ సాయంత్రమే బోర్డు రాయించాం. మర్నాడు పొద్దున ఆరింటికి నేను రోడ్డు అవతల నుంచి ఫోను పట్టుకుని నడుస్తూ వచ్చా. బాబాయ్ తాళం తీశాడు. షట్టరు ఎత్తాడు. లోపల దేవుడి పటానికి దండం పెట్టుకుని, నా వైపు తిరిగి, "ఇదేనండీ మా కొట్టు. తీసే ఉంది" అన్నాడు. అవతల చూసేదెవరో ఆయనకి తెలియదు. అయినా 'అండీ' అన్నాడు.

కొన్నాళ్లకు ఎర్ర అక్షరాలు పోయాయి.

అయిదు చుక్కల ఆశ

ఇక మిగిలింది పేరు. ఈసారీ దొడ్డిదారే తోచింది నాకు. ఆఫీసులో మిత్రులకు చెప్పా. ఒక్క రాత్రిలో పదకొండు మంది అయిదేసి నక్షత్రాలు ఇచ్చారు. 'అద్భుతమైన సేవ' అని ఒకరు, 'నంబర్ వన్' అని ఇంకొకరు. ఎవరూ స్ప్రేయరు భుజాన వేసుకున్నవాళ్లు కాదు. సంబరంగా బాబాయ్‌కి ఫోను చేసి చదివి వినిపించా.

కాసేపు మాట్లాడలేదు. "వీళ్లెవర్రా?"

"నా ఫ్రెండ్స్ బాబాయ్."

"మన దగ్గర పంపు బాగు చేయించుకోనివాడు మనం బాగా చేస్తామని ఎట్టా రాస్తాడు? రేపు ఓ రైతు ఇది నమ్మి వచ్చాడనుకో... తీయించెయ్."

అలాంటివి నిబంధనలకూ విరుద్ధమేనని నాకు తెలుసు. అయినా నన్ను ఆపింది నిబంధన కాదు, ఆ 'తీయించెయ్'. పదకొండు మందికీ ఫోను చేసి తీయించా. అప్పనంగా సాయం చేసినవాళ్లను మళ్లీ ఆ సాయం వెనక్కి తీసుకోమనడం ఎంత ఇబ్బందో మీరే ఊహించుకోండి.

తర్వాత పని అయిన రైతులకు బిల్లుతోపాటు ఓ చీటీ ఇవ్వడం మొదలుపెట్టారు. 'మా పని ఎలా ఉందో రాయండి' అని అంతే. బాగుందని రాయమని కాదు. ఇన్ని రాస్తే తగ్గింపు అనీ కాదు. రెండు వారాలకు మొదటి అభిప్రాయం పడింది. మూడు నక్షత్రాలు. 'పని గట్టిగా చేస్తాడు. కానీ సాయంత్రానికి ఇస్తానని మర్నాడు ఇచ్చాడు' అని. నా గుండె గుభేలుమంది. బాబాయ్‌కి చెబితే, "నిజమేరా. ఆ రోజు తొమ్మిది పంపులొచ్చాయి" అన్నాడు. జవాబు కూడా ఆయనే చెప్పాడు, నేను రాశా: 'మాట తప్పింది నిజమే. రద్దీ రోజున సాయంత్రానికి కాదని ముందే చెప్పాల్సింది. ఇకపై వచ్చేముందు ఫోను చేయండి, ఎప్పటికవుతుందో ఉన్నదున్నట్టు చెబుతాం.'

ఆ తర్వాత వచ్చినవాళ్లలో ఒకరు ఆ జవాబు చదివే వచ్చామన్నారట. 'తప్పు ఒప్పుకున్నాడుగా' అని.

ఇప్పుడు కొట్టు లాభాలు రెట్టింపయ్యాయని రాస్తే మీకు బాగుంటుంది. కాలేదు. రోజుకు నాలుగైదు కొత్త ఫోన్లు వస్తున్నాయి, సీజనులో ఇంకొంచెం ఎక్కువ. వాటిలో సగం, పంపు తీసుకురాకుండానే తేలిపోయేవి. ప్లగ్గు తీసి తుడిచి పెట్టమంటాడు బాబాయ్, అవతల ఇంజను మొదలైన చప్పుడు ఫోనులోనే వినబడుతుంది. మార్టూరు రైతు మళ్లీ వచ్చాడు. ఒంగోల్లో వేయించిన భాగం సరిగా కూర్చోలేదని. బాబాయ్ సరిచేసి, కూలి తీసుకోలేదు. నేను చేసిన తప్పుకి ఆయన అలా లెక్క కట్టాడు. నా అప్పు తీరకపోగా ఇంకొంచెం పెరిగింది.

మొన్న సంక్రాంతికి ఊరికి బయల్దేరుతుంటే ఫోను వచ్చింది. ఏ స్వీట్లు తెమ్మంటాడోనని ఎత్తా.

"భోగి, పండగ, కనుమ... మూడు రోజులు కొట్టు లేదురా. ఫోనులో మూసినట్టు పెట్టావా?"

"వచ్చాక పెడతాలే బాబాయ్."

"వచ్చాక కాదు, ఇప్పుడే పెట్టు. పండగపూట ఎవరైనా అంత దూరం నుంచి ఊరికే వస్తారు."

బస్టాండులో సంచి కింద పెట్టి, అక్కడే నిలబడి మార్చా. ఈసారి ఆ ఎర్ర అక్షరాలు రాసింది నేనే. మూడు రోజులకు మాత్రమే.